వచ్చి పోయే నల్ల డబ్బా

నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీ జిన్నారం దారిలో ఉంది. నా ఉద్యోగం పేరు వింటే పెద్దగానే ఉంటుంది కాని, పని మాత్రం కాగితాలు చూడటమే. ల్యాబులో ఎవరు ఏ పని చేశారు, ఎప్పుడు చేశారు, రాశారా లేదా అని చూసి పక్కన సంతకం పెట్టాలి. మందుల ఫ్యాక్టరీలో రాయని పని చేయని పనితో సమానం. చేరిన మొదటి రోజే గోడ మీద ఆ మాట చూపించి మరీ చెబుతారు. మేమందరం దాన్ని తిరగేసి, రాసేస్తే చేసినట్టే అని అర్థం చేసుకున్నాం. ఎవరూ ఆ మాట పైకి అనలేదు, అంతే.

మా ల్యాబు చివర ఒక చిన్న గదంత పెట్టె ఉంది. లోపల ఎప్పుడు చూసినా వానకు ముందు ఉండే ఉక్కపోత. తయారైన మాత్రలను నెలల తరబడి అందులో ఉంచి, ఎన్నాళ్ళకు పాడవుతాయో చూస్తారు. దాన్ని చాంబరు అంటాం. లోపల వేడి ఎంత, తేమ ఎంత అన్నది గంటగంటకూ అదే గుర్తుపెట్టుకుంటుంది. కాని దాని జ్ఞాపకం పన్నెండు రోజులే. పదమూడో రోజు రాగానే మొదటి రోజును చెరిపేసి దాని మీద రాసుకుంటుంది. అందుకని రోజూ పొద్దున్నే ఆ అంకెలను పక్కనున్న కంప్యూటరు నుంచి హెడ్డాఫీసు సర్వరుకు పంపాలి.

పంపడం పెద్ద పనేం కాదు. కంప్యూటరు తెర మీద ఒక బొమ్మ ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే ఒక నల్ల డబ్బా తెరుచుకుంటుంది. అందులో తెల్లటి అక్షరాలేవో మెరుస్తాయి. ఏముందా అని చూసేలోపే డబ్బా మూసుకుపోతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన కంప్యూటరు అతను ఆ బొమ్మను పెట్టి, మా క్యాంటీనులో చాయ్ తాగి, "వస్తది, పోతది, మీరేం చెయ్యనక్కర్లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తరువాత మళ్ళీ అతని మొహం చూడలేదు.

ఆ బొమ్మ మీద నొక్కే పని పటేల్‌ది. ఫ్యాక్టరీ కట్టకముందు ఆ నేలలో కొంత ఆయన కుటుంబానిది. భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు, ఆ ఉద్యోగంలో చేరినవాడు ఆయన. మొదట గేటు దగ్గర, తరువాత స్టోర్సులో చేసి, చివరికి ల్యాబుకు వచ్చాడు. రిటైరు కావడానికి ఇంకో మూడేళ్ళుంది. ఊరు ఫ్యాక్టరీ గోడకు ఆనుకునే ఉంటుంది కాబట్టి నడుచుకుంటూ వస్తాడు, మా అందరికంటే ముందొస్తాడు. నేను పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సెక్కి, పటాన్‌చెరు దాటేదాకా నిద్రపోయి, దిగేసరికి ఆయన చేతులు కడుక్కుని, తెల్ల కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చుని ఉంటాడు.

మా నాన్నకు సంగారెడ్డిలో ధాన్యం దుకాణం. అందుకని నన్ను ఆయన "సేటు" అంటాడు. నేనేమో నెల జీతగాణ్ణి. ఆ పిలుపులో కొంత ఎగతాళి ఉందని తెలిసినా నాకు బాగానే ఉండేది. నేను ఆయన్ను "పటేలా" అనేవాణ్ణి. వయసులో మా నాన్న కంటే పెద్ద.

నల్ల డబ్బా వచ్చిన మొదటి రోజు ఆయన నన్ను పిలిచాడు.

"సేటు, గిది వచ్చుడెంత, పోవుడెంత! పని అయినట్టా, కానట్టా?"

నా చేతిలో వేరే కాగితాలున్నాయి. తల తిప్పకుండానే చెప్పాను.

"నల్లది వచ్చి పోయిందంటే అయినట్టే పటేలా. ఓకే రాసెయ్."

"పక్కానా?"

"నేను చెప్తున్న గద."

ఆయన రిజిస్టరులో టైము వేసి, వేడీ తేమా రాసి, చివరి గడిలో ఇంగ్లీషులో ఓకే అని రాసి సంతకం పెట్టాడు. పక్కన నేను పెట్టాను. అలా ఏడాదికి పైగా నడిచింది. ఆ చివరి గడిలో ఓకే తప్ప ఇంకో మాట పడ్డ రోజు లేదు.

బయటి నుంచి ఆడిట్‌కు వస్తున్నారని తెలిసినప్పుడు ఫ్యాక్టరీలో పెళ్ళిల్లంత హడావుడి ఉంటుంది. గోడలకు రంగులేస్తారు, మొక్కలకు నీళ్ళు పోస్తారు, మాకు కొత్త పెన్నులిస్తారు. ఆ హడావుడిలో ఎవరో చాంబరు వివరాలు ఒక నెలవి తీసి పెట్టమన్నారు. సర్వరులో చూస్తే పంతొమ్మిది రోజులుగా ఒక్క ఫైలూ లేదు. పన్నెండు రోజులవి చాంబరులోంచి తీశాం. మొదటి ఏడు రోజులవి ఎప్పుడో చెరిగిపోయాయి. రిజిస్టరు తెరిస్తే ఆ పంతొమ్మిది రోజులూ ఓకే, ఓకే, ఓకే.

మందుల ఫ్యాక్టరీలో దొంగతనం చేసినవాణ్ణయినా ఒకసారి క్షమిస్తారేమో కాని, చేయని పని చేసినట్టు రాసినవాణ్ణి క్షమించరు. దానికి ఒకే శిక్ష, ఇంటికి పంపడం. పటేల్ కంప్యూటరు ముట్టుకోకుండానే పంతొమ్మిది రోజులూ ఓకే రాశాడని మేనేజరుగారు తేల్చేశారు. ఇక విచారణ పెట్టి, కాగితం మీద రాసి, పంపించడమే మిగిలింది. అలా పంపితే ఆయన ఎక్కడికి పోతాడు? గేటు బయట ఆయన ఊరే. రోజూ ఆ గేటు ముందు నుంచే బర్రెలకు గడ్డి కోసుకురావడానికి పోవాలి. భూమీ పోయి, దాని బదులు వచ్చిన నౌకరీ పోయి, పైన తప్పుడు రాతలు రాసినవాడన్న పేరు. ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తెలియలేదని ఇప్పుడు చెప్పుకోలేను.

విచారణ గదిలో నేను ఒక పక్కన కూర్చుని, అడిగినవీ చెప్పినవీ రాసుకోవాలి. మేనేజరుగారిది కోస్తా వైపు. కోపం వచ్చినా గొంతు పెంచరు, దాంతో ఇంకా భయమేస్తుంది.

"మీరు రోజూ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళారా?"

"పోయిన సార్. రోజు నొక్కిన."

"మరి ఫైళ్ళెందుకు లేవండీ?"

"నాకెట్ల తెలుస్తది సార్? నల్లది వచ్చింది, పోయింది. నేను ఓకే రాసిన."

"వచ్చి పోతే ఓకే అని మీకెవరు చెప్పారు?"

పటేల్ నా వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు.

"ఎవ్వరు సెప్పలే సార్. నేనే అనుకున్న."

నేను ఆ మాట రాసుకున్నాను. చక్కటి అక్షరాలతో, ప్రశ్న కింద జవాబు వచ్చేట్టు రాసుకున్నాను. నోరు తెరవలేదు. తెరిస్తే ఆయనతో పాటు నేనూ పోతానని భయం. నాకు అప్పటికి పెళ్ళై ఏడాది. ఆయనకు లేని కారణాలేవో నాకున్నట్టు ఆ క్షణంలో అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడూ వేసింది.

మళ్ళీ మూడు రోజుల తరువాత కూర్చుందామన్నారు.

ఆ నల్ల డబ్బాలో ఏం రాసుందో చూస్తే కదా సంగతి తేలేది. నేను మొదట చేసిన పని రెప్ప వేయకుండా చూడటం. పది సార్లు నొక్కాను. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి తప్ప ఒక్క అక్షరం చిక్కలేదు. తరువాత ఫోనుతో వీడియో తీయాలనుకున్నాను. ల్యాబులోకి ఫోను తేనివ్వరు. సెక్యూరిటీ అతన్ని బతిమాలితే, "సార్, మేరీ నౌకరీ చలీ జాయేగీ" అన్నాడు, తన నౌకరీ పోతుందని. అందరి నౌకరీలూ ఒకే దారానికి వేలాడుతున్నాయన్నమాట. చిన్నప్పుడు దుకాణంలో కాటా మీద గింజలు పోసి, ముల్లు ఆగకముందే తీసేస్తుంటే మా నాన్న నెత్తి మీద మొట్టేవాడు. ఇక్కడ ముల్లు ఆగే పద్ధతే లేదు, ఎవరిని మొట్టాలి?

ఇంటికొచ్చి వెతికితే, నాలాంటివాళ్ళు దేశదేశాల్లో ఉన్నారని తెలిసింది. అందరిదీ ఒకటే ప్రశ్న, ఆ నల్ల డబ్బా మూసుకుపోకుండా ఆపేదెట్లా అని. జవాబులూ ఉన్నాయి. ఆ బొమ్మ వెనకాల ఉన్న ఫైలును తెరిచి, చివరి వరుసలో పాజ్ అని ఒక్క మాట రాస్తే చాలు, మనం ఏదైనా మీట నొక్కేదాకా డబ్బా కదలకుండా నిలబడుతుంది. ఇంత చిన్న మాటా అనిపించింది. కాని మా దగ్గర ఆ ఫైలులో ఒక్క అక్షరం మార్చాలన్నా ఐదుగురి సంతకాలు కావాలి. సంతకాలు లేకుండా మారిస్తే అదీ నేరమే. పటేల్‌ను బయట పడేద్దామని నేను లోపల పడటం ఎందుకు?

ఇంకో దారి ఉంది. బొమ్మ మీద నొక్కితే, డబ్బాను అదే తెరుస్తుంది, అదే మూసేస్తుంది. ముందు మనమే ఒక ఖాళీ నల్ల డబ్బాను తెరిచి పెట్టుకుని, అందులో ఆ ఫైలు పేరు రాసి నడిపిస్తే పని అయ్యాక కూడా డబ్బా ఉండిపోతుంది. మనం తెరిచింది కాబట్టి మనం మూసేదాకా పోదు. ఫైలులో ఏమీ మార్చనక్కర్లేదు.

మరునాడు మధ్యాహ్నం, అందరూ అన్నానికి పోయినప్పుడు కూర్చుని అలాగే చేశాను. పేరు టైపు చేసి మీట నొక్కాను. తెల్లటి అక్షరాలు వచ్చాయి. వచ్చి ఆగాయి. యాక్సెస్ ఈజ్ డినైడ్. జీరో ఫైల్స్ కాపీడ్. లోపలికి రానివ్వం పొమ్మన్నట్టు. ఒక్క ఫైలూ పోలేదన్నట్టు. ఇన్ని రోజులుగా ఆ డబ్బా రోజూ ఇదే మాట చెప్పి పోతోంది. హెడ్డాఫీసుకు ఫోను చేసి అడిగితే, సరిగ్గా ఫైళ్ళు ఆగిన రోజే సర్వరు పాస్‌వర్డు మార్చారని తెలిసింది. మాకు చెప్పాలని వాళ్ళకు తట్టలేదు.

రెండో విచారణలో గోడ మీద తెరకు కంప్యూటరు కలిపి చూపించాను. మొదట బొమ్మ మీద నొక్కాను, మెరిసి పోయింది. "చదివారా సార్?" అని అడిగాను. మేనేజరుగారు లేదన్నారు. తరువాత నా పద్ధతిలో నడిపించాను. అక్షరాలు గోడ మీద నిలబడ్డాయి. ఆయన రెండుసార్లు చదువుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరూ చదవలేనిదాన్ని పటేల్ చదవలేదని ఎలా తప్పు పడతామన్నారు. పటేల్ ఉద్యోగం నిలిచింది. తనంతట తాను ఓకే అనుకున్నందుకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. నాకు అందరి ముందూ మెచ్చుకోలు వచ్చింది. ఎవరు చెప్పారన్న ప్రశ్న మళ్ళీ రాలేదు కాబట్టి నేనూ దాన్ని కదపలేదు.

బయటికి రాగానే పటేల్ నా భుజం మీద చెయ్యేశాడు. "బచాయించినవ్ సేటు," అన్నాడు. ఆ చెయ్యి ఎప్పుడెప్పుడు తీస్తాడా అనిపించింది.

హెడ్డాఫీసు కొత్త పాస్‌వర్డు పంపింది, ఐదుగురు సంతకాలు పెట్టారు, ఫైలు చివర పాజ్ చేరింది. పని చేసే పద్ధతిని కొత్తగా రాసే బాధ్యత నాకిచ్చారు. చాలా శ్రద్ధగా రాశాను. నల్ల డబ్బాలో వచ్చిన వాక్యాన్ని పనిచేసే మనిషి చదివి, ఉన్నది ఉన్నట్టు రిజిస్టరులో రాయాలి. పై మనిషి ఆ వాక్యాన్ని అదే రోజు చదివి సంతకం పెట్టాలి. ఓకే అన్న మాట ఇక చెల్లదు. రాశాక నాకే ముచ్చటేసింది.

కొత్త పద్ధతి మొదలైన పొద్దున పటేల్ బొమ్మ మీద నొక్కాడు. డబ్బా వచ్చింది, పోలేదు. ఆయన దాని ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"ఏం రాయాలె సేటు?"

"అండ్ల ఉన్నదే రాయి పటేలా."

 ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పెన్ను పట్టుకుని, తెర వైపు ఒకసారి, రిజిస్టరు వైపు ఒకసారి చూస్తూ ఒక్కో గీత గీయడం మొదలుపెట్టాడు. మొదట ఒకటి అంకె. తరువాత ఎఫ్ అక్షరానికి నిలువు గీత, దానికి అడ్డం గీతలు. వన్ ఫైల్స్ కాపీడ్ అన్న ఆ చిన్న వాక్యం రాయడానికి పావుగంట పట్టింది.

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. క్యాంటీనులో రోజూ పేపరు పెద్దగా చదివి వినిపించేది ఆయనే. రాజకీయాలు, పంటల ధరలు, పెళ్ళి ప్రకటనలు, ఏదీ వదలడు. మధ్యలో తన వ్యాఖ్యానం వేరే. కాని అది తెలుగు పేపరు. ఇంగ్లీషులో ఆయనకు వచ్చింది ఓకే, సంతకం, అంకెలు. ఉద్యోగానికి అంతవరకే అవసరం పడింది, అంతవరకే నేర్చుకున్నాడు. నల్ల డబ్బా వచ్చి పోతున్నన్నాళ్ళూ మా ఇద్దరికీ తేడా లేదు. ఆయనా చదవలేడు, నేనూ చదవలేను. నేను దాన్ని నిలబెట్టాను, చదవలేనివాడిగా ఆయనొక్కడే మిగిలిపోయాడు. పైగా చదివి రాయాలని పద్ధతి రాసింది కూడా నేనే.

ఎవరూ లేకుండా చూసి చెప్పాను. "నేను రాస్తా పటేలా. నువ్వు సంతకం పెట్టు సాలు."

ఆయన తలెత్తి చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు.

"ఇంకోసారి నీ మాట మీద సంతకం పెట్టుమంటవా?"

 నా సీటుకు వచ్చి కూర్చున్నాను. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది. నిజం చెప్పాలంటే మొదట కోపమే వచ్చింది. ఉద్యోగం నిలబెట్టింది ఎవరనుకున్నాడు అని. ఆ కోపం ఎక్కువ రోజులు నిలవలేదు. నిలవడానికి దానికి కాళ్ళు లేవు.

ఆయన రోజూ గీస్తూనే ఉన్నాడు. పావుగంట పది నిమిషాలైంది, తరువాత ఐదైంది. చుక్క పెట్టడం మరిచిపోయేవాడు కాదు. మధ్యలో ఎస్ అక్షరానికి అటూ ఇటూ వచ్చే బ్రాకెట్లు కూడా తెర మీద ఎలా ఉన్నాయో అలాగే వంపు తిప్పేవాడు. మా కెమిస్టుల రాతలో ఏది ఏ అక్షరమో పోల్చుకోవడం కష్టం. పటేల్ గీసిన వాక్యం మాత్రం అచ్చేసినట్టుండేది. నన్ను సేటు అని పిలవడం మానలేదు కాని, క్యాంటీనులో పేపరు చదువుతూ నా వైపు చూసి వ్యాఖ్యానించడం మానేశాడు.

నా సంగతి చెప్పాలి. అదే రోజు చదివి సంతకం పెట్టాలని రాసినవాణ్ణి నేను. మొదటి రెండు వారాలు అలాగే పెట్టాను. రోజూ అదే వాక్యం. ఒక ఫైలు సర్వరుకు చేరిందని. రోజూ అదే ఉంటే చూసేదేముంది? మెల్లగా రెండు రోజులకోసారి, తరువాత శనివారం శనివారం వారమంతటికీ ఒకేసారి పెట్టడం మొదలైంది. పేజీ తెరిచి, పై నుంచి కిందికి పెన్ను నడిపించేవాణ్ణి. కింద సంతకం పెట్టిన రోజు తేదీకి బదులు ఏ వరుసకు ఆ వరుస తేదీ వేసేవాణ్ణి. ఇదీ తప్పుడు రాతే. ఫ్యాక్టరీలో సగంమంది చేసేది ఇదే కాబట్టి తప్పనిపించేది కాదు.

వానాకాలం మొదట్లో ఒక మంగళవారం పొద్దున పటేల్ నా సీటు దగ్గరికి వచ్చాడు. మామూలుగా రాడు.

"సేటు, ఇయ్యాల జెర పొడుగున్నది."

నేను ఫోనులో ఉన్నాను. కొల్లూరు దగ్గర రింగు రోడ్డు మీద మా మందుల లారీ ఆగిపోయిందని, దాని కాగితాలేవో కావాలని అవతల అరుస్తున్నారు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి అన్నాను.

"ఉన్నది ఉన్నట్టు రాయి పటేలా."

ఆయన ఒక నిమిషం నిలబడ్డాడు. తరువాత వెళ్ళిపోయాడు. బుధవారం, గురువారం, శుక్రవారం ఆయన నా దగ్గరికి రాలేదు. శనివారం సాయంత్రం నేను పేజీ తెరిచి, పై నుంచి కిందికి పెన్ను నడిపించి, బస్సు అందుకున్నాను.

సోమవారం హెడ్డాఫీసు నుంచి మేనేజరుగారికి కబురొచ్చింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా చాంబరు ఫైళ్ళు అందలేదు. ఎవరో వైర్లు సర్దుతూ ఒకటి ఊడబీకారట, శనివారం మళ్ళీ పెట్టారట. నాలుగు రోజులవీ చాంబరులో ఇంకా ఉన్నాయి కాబట్టి నష్టమేమీ లేదు. కాని మళ్ళీ అదే చాంబరు, మళ్ళీ అదే మనిషి. మేనేజరుగారు మా ఇద్దరినీ పిలిచారు. ఈసారి హెచ్చరిక కాగితంతో పోదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. ముందటి కాగితం కాపీ అప్పటికే బల్ల మీద ఉంది.

"మళ్ళీ మీరేనా పటేల్‌గారూ? ఈసారి డబ్బా ఆగుతోంది కదా. ఏం రాశారు?"

పటేల్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ పేజీ తెరిచాడు. నేను పక్కనుంచి చూశాను. సోమవారం వరకు చిన్న వాక్యం. మంగళవారం నుంచి పొడుగు వాక్యం. గడిలో పట్టక, అక్షరాలు చిన్నవి చేసి, రెండు వరుసలుగా గీశాడు. మేనేజరుగారు పైకి చదివారు. ద నెట్‌వర్క్ పాత్ వాజ్ నాట్ ఫౌండ్. జీరో ఫైల్స్ కాపీడ్. కిందికి చూశారు, బుధవారం అదే. గురువారం అదే. శుక్రవారం అదే. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నాలుగింటి పక్కనా ఏ రోజుకు ఆ రోజు తేదీతో నా సంతకం.



"ఇది వెళ్ళలేదని రాసుంది కదండీ. వెంటనే ఎందుకు చెప్పలేదు?" అని పటేల్‌నే అడిగారు మేనేజరుగారు.

పటేల్ ఈసారి క్యాలెండరు వైపు చూడలేదు. నేరుగా మేనేజరుగారి వైపే చూశాడు.

"నాకు ఇంగ్లీషు సదువరాదు సార్. ఉన్నది ఉన్నట్టు గీసిన. సదివేటోళ్ళు సదువుతరనుకున్న."

అంతే చెప్పాడు. మంగళవారం నా దగ్గరికి వచ్చిన సంగతి చెప్పలేదు.   మేనేజరుగారు ఆ రిజిస్టరును మెల్లగా నా వైపు తిప్పారు.

"పటేల్‌గారూ, మీరు వెళ్ళండి. మీ పని మీరు చేశారు," అన్నారు మేనేజరుగారు. నాకేమో ఒక తెల్ల కాగితం ఇచ్చారు, జరిగింది రాసిమ్మని.

ఇంగ్లీషులోనే రాయాలి. రాశాను. చదవకుండా సంతకాలు పెట్టానని, ఒకేసారి పెట్టి వేరే వేరే తేదీలు వేశానని రాశాను. అక్కడితో ఆపవచ్చు. అడిగింది అంతే. పెన్ను మూత కూడా పెట్టాను. మళ్ళీ తీసి ఇంకో రెండు సంగతులు రాశాను. మంగళవారం వాక్యం మారిందని ఆయన వచ్చి చెబితే నేను వినలేదని. నల్ల డబ్బా వచ్చి పోతే పని అయినట్టేనని మొదటి రోజే ఆయనకు చెప్పింది నేనేనని, విచారణలో పక్కనే కూర్చుని కూడా ఆ మాట దాచానని. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. రావలసిన ప్రమోషను పోయింది, నన్ను ఆరు నెలలు ప్యాకింగు విభాగానికి పంపారు. పటేల్ హెచ్చరిక కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు. అందరికీ ఆ వాక్యాలు తెలుగులో రాసి కంప్యూటరు పక్కన అతికించమన్నారు. అది మొదటి రోజే చేయవలసిన పని.

ఆ కాగితం రాసిచ్చిన రోజు సాయంత్రం గేటు దగ్గర పటేల్ ఆగి ఉన్నాడు.

"ఏం రాసిచ్చినవ్ అండ్ల?"

నా దగ్గర కాపీ ఉంది. తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ చదివాను. డ్యూటీ దిగినవాళ్ళు మా పక్కనుంచి పోతున్నారు. నేను చదివినంతసేపూ ఆయన నా మొహం వైపు చూడలేదు, కాగితం వైపే చూశాడు. అయిపోయింది.

"మొత్తం సదివినవా? ఏం ఇడిసిపెట్టలే గదా?"

"మొత్తం చదివిన పటేలా."

ఆయన కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చాడు.

"తెలుగుల రాసియ్యి సేటు. నేనే సదువుకుంట."

బస్సు హారను కొడుతోంది. దాన్ని పోనిచ్చి, సెక్యూరిటీ గదిలో కూర్చుని రాశాను. ఆయన బయటే నిలబడి ఎదురుచూశాడు. ఇచ్చాక, కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు.